టీచరమ్మ గుండెకి కాపలా

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన సాసరు పెట్టి, అందులో బిళ్ళలూ క్యాప్సూల్సూ వరసగా పేర్చడం మేస్త్రీకి ఈమధ్య అలవాటైపోయింది. పసుపుపచ్చది చేపనూనె. నారింజ రంగుది కో-క్యూ-టెన్. ముదురాకుపచ్చది గ్రీన్ టీ సారం. గుర్రానికి పెట్టేంత లావున్న తెల్లబిళ్ళ ఏమిటో ఆయనకే సరిగ్గా తెలియదు గానీ, సీసా మీద గుండె బొమ్మ ఉంది. ఆ బొమ్మ చాలు ఆయనకి.

"ఏమండోయ్, ఆకలికి ఏమైనా పెడతారా, వీటితోనే కడుపు నింపుకోమంటారా?" అంటూ టీచరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ముందు ఇవి వేసుకో. తర్వాత రొట్టె. తిన్నాక వేసుకునేవి వేరే ఉన్నాయి."

"ఓహో, ఇది ట్రైలరన్న మాట!"

మేస్త్రీ నవ్వలేదు. నీళ్ళ గ్లాసు ఆమె చేతికిచ్చి, ఒక్కొక్కటీ గొంతు దిగేదాకా కళ్ళార్పకుండా చూశాడు. ఆఖరుది దిగాక ఆయన భుజాలు కాస్త కిందికి జారాయి. అప్పుడు గానీ తన కాఫీ ముట్టుకోలేదు.

ఆయన లిఫ్టుల మేస్త్రీ. పెద్దపెద్ద భవనాల్లో లిఫ్టులు ఆగిపోకుండా చూడటం ఆయన పని. తలుపు మూసుకునే చప్పుడు విని లోపల ఏది అరిగిందో చెప్పేస్తాడని పేరు. ఇక ఆవిడ డ్రైవింగ్ టీచరు. ఊళ్ళో సగం మంది చేత స్టీరింగ్ పట్టించింది. ఎంత పెద్ద ఆఫీసరైనా ఆవిడ పక్కన కూర్చుంటే చెమటలు పట్టాల్సిందే. "ఎడమంటే ఎడమ బాబూ, మీ ఆవిడ చెప్పిన వైపు కాదు" అని ఆవిడ అరిస్తే వెనక వచ్చే లారీ కూడా ఆగేది.

అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ కనబడింది. ఆపరేషన్ సాఫీగా అయిపోయింది. తర్వాత కీమో మొదలైంది. జుట్టు రాలిపోతే ఆవిడ తలకి ఎర్ర రుమాలు కట్టుకుని, అద్దంలో చూసుకుని, "సముద్రపు దొంగలా ఉన్నాను. ఒక కత్తి కొనిపెట్టండి" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఇంటిల్లిపాదీ అంటే మేస్త్రీ, కూతురు, అల్లుడు. కూతురు రెండు వీధుల అవతల కాపురం ఉంటుంది. బేకరీలో పని.

అంతవరకూ మేస్త్రీ నిబ్బరంగానే ఉన్నాడు. కీమోలో మందు మార్చి, మొదటిసారి ఎర్రరంగు మందు ఎక్కించేముందు డాక్టరమ్మ కూర్చోబెట్టి అన్నీ విడమరిచి చెప్పింది. మందు బాగా పనిచేస్తుందట. కొందరికి మాత్రం గుండె మీద దెబ్బ పడే అవకాశం ఉందట. అందుకే ముందొకసారి, మధ్యలో మరోసారి గుండెకి స్కాన్ తీస్తారట, మోతాదు హద్దు దాటనివ్వరట. ఇదంతా చెప్పింది పాపం. కానీ 'గుండె' అన్న మాట పడగానే మేస్త్రీ చెవులు మూతపడిపోయాయి. ఆ తర్వాత ఒక్క ముక్క వినబడితే ఒట్టు.

ఆ సాయంత్రమే ఆయన ఫోన్ పట్టుకున్నాడు. కీమో నుంచి గుండెని కాపాడుకోవడం ఎలా అని అడిగితే ఆ ఫోన్ ఊరుకుంటుందా? ఒకాయన తెల్లకోటు వేసుకుని ఇది మింగమన్నాడు. ఇంకొకావిడ వంటగదిలో నిలబడి అది మింగమంది. వ్యాయామశాల పక్కన పోషకాల దుకాణం నడిపే కండలరాయుడైతే, "గుండెకా సార్? కూర్చోండి, గుండెకి బోలెడు రకాలున్నాయి" అని వరసగా సీసాలు దింపాడు. మేస్త్రీ దేన్నీ కాదనలేదు. లిఫ్టుకి గ్రీజు ఆగిపోయాక పెట్టం కదా, ముందే పెడతాం. ఆయనకి తెలిసిన న్యాయం అదొక్కటే.

వంటింటి అలమరలో పై అర అంతా సీసాలతో నిండిపోయింది.

*

కొన్ని వారాలు గడిచాయి. ఆ రోజు మళ్ళీ మందు ఎక్కించుకోవడానికి ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. టీచరమ్మ హుషారుగా ఉంది. రక్తం తీసిన నర్సుకి రివర్స్ పార్కింగ్ గురించి పాఠం చెప్పింది. కానీ డాక్టరమ్మ తెర మీద రిపోర్టు చూస్తూ చూస్తూ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవాళ మందు ఎక్కించలేనండీ."

మేస్త్రీ కుర్చీ అంచుకి జరిగాడు. "గుండె... గుండెకేమైనా...?"

"గుండె కాదు. కాలేయం. పరీక్షలో అంకెలు బాగా పైకెళ్ళాయి. కాలేయం ఇలా ఉండగా ఎర్ర మందు ఇస్తే అది ఒంట్లోంచి సరిగ్గా బయటికి పోదు. ఒక వారం ఆగి మళ్ళీ చూద్దాం." ఆమె టీచరమ్మ వైపు తిరిగింది. "మేం రాసినవి కాకుండా ఇంకేమైనా వేసుకుంటున్నారా? విటమిన్లు, పొడులు, ఆకుపసర్లు, ఏదైనా సరే."

"అబ్బే, ఏం లేదండీ" అంది టీచరమ్మ. తడుముకోలేదు. ట్రాఫిక్ పోలీసు ఎదురైనా ఆవిడ గొంతు అంత నిలకడగానే ఉంటుంది.

మేస్త్రీకి మాట నాలిక చివరి దాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. డాక్టరమ్మ ఆయన వైపు కూడా చూసింది. ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు.

మందు మొదలయ్యాక ఆవిడ కారు తియ్యడం మానేసింది కాబట్టి ఇద్దరూ బస్సెక్కారు. కాస్త దూరం పోయాక ఆయనే అన్నాడు.

"లేదని ఎందుకు చెప్పావ్?"

"ఉందని మీరు చెప్పచ్చుగా? పక్కనే ఉన్నారు."

ఆవిడ కోపంగా అనలేదు. మెల్లిగా అని కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ తెల్లకారు వాడికి నేర్పింది ఎవరో గానీ, అద్దమే చూడటం లేదు" అంది. మామూలప్పుడైతే మేస్త్రీ పకపకా నవ్వేవాడు.

*

సాయంత్రం కూతురు వచ్చింది. చేతిలో వేడివేడి రొట్టె, ముంజేతి నిండా పిండి.

"అమ్మా, ఎలా జరిగింది? వాంతులవుతున్నాయా?"

"ఎక్కించలేదే. నా కాలేయం అలిగిందట. బతిమాలడానికి వారం గడువు ఇచ్చారు."

"అలగడమేంటి? పోయినసారి అన్నీ బాగున్నాయన్నారుగా!" అంటూనే కూతురు రొట్టె పెట్టడానికి అలమర తలుపు తీసింది. తీసి, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒక సీసా తీసి చదివింది. ఇంకోటి తీసింది. తర్వాత ఇంకోటి.

"నాన్నా, ఇవన్నీ ఎవరికి?"

"మీ అమ్మకి. గుండె కోసం."

"డాక్టరు రాసిచ్చారా?"

మేస్త్రీ రొట్టె అందుకోబోయాడు. కూతురు రొట్టె వెనక్కి లాక్కుంది.

"అడుగుతున్నాను నాన్నా. డాక్టరుకి తెలుసా, తెలీదా?"

"ఇవి మందులు కావే. పోషకాలు. చెడు చెయ్యవు."

"చెడు చెయ్యకపోతే చెప్పడానికి భయమెందుకు? కాలేయం ఊరికే పాడవుతుందా? అమ్మ ట్రీట్‌మెంట్ ఆగిపోయింది, అర్థమవుతోందా నీకు? క్యాన్సర్ మీద పడాల్సిన దెబ్బ ఇవాళ పడలేదు!"

"మరి నన్నేం చెయ్యమంటావ్?" మేస్త్రీ గొంతు లేచింది. "గుండె దెబ్బతినొచ్చు అని ఆవిడ మొహం మీదే చెప్పింది. విని, చేతులు కట్టుకుని కూర్చోనా? నా పనేంటో తెలుసా నీకు? పాడవకముందే చూసుకోవడం. ముందే గ్రీజు పెట్టుకోవడం!"

"పెడతావ్ సరే. బ్రేకుకి కూడా పెడతావా గ్రీజు?"

మేస్త్రీకి ఉక్రోషం వచ్చింది.

"నువ్వు వెళ్ళి రొట్టెలు కాల్చుకో. నా భార్య సంగతి నేను చూసుకోగలను."

ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక ఆయనకే చివుక్కుమంది. కూతురు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నీ భార్య కంటే ముందు మా అమ్మ కాదా ఆవిడ నాకు?"

"ఇద్దరూ బ్రేకు!" టీచరమ్మ కేక ఇల్లంతా ఖంగుమంది. కూతురి కాలు నిజంగానే నేలని నొక్కింది. ఆవిడ దగ్గర నేర్చుకున్న వాళ్ళెవరికైనా అంతే. "ముందేంటి, తర్వాతేంటే! అదో తిక్క ప్రశ్న. ఏమండీ, మీరూ అంతే, దాన్ని అనాల్సిన మాటా అది?"

కూతురు సీసాలు బల్ల మీద పెట్టి, రొట్టె వాటి పక్కన పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. తలుపు మెల్లిగానే వేసింది. గట్టిగా వేసినా బాగుండుననిపించింది మేస్త్రీకి.

కాసేపు ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చున్నారు. టీచరమ్మ రొట్టె తుంచి ఆయన ముందు పెట్టింది. ఆయన తినలేదు.

"నిజం చెప్పు" అన్నాడు చివరికి. "అవి వేసుకుంటే నీకు ఏమైనా తేడా తెలిసేదా? మంచో, చెడో?"

"పొద్దున్నే కడుపులో తిప్పేది. కీమో వల్లేమో అనుకున్నాను."

"మరి ఎందుకు మింగావ్? వద్దని ఒక్క మాట అంటే సరిపోయేదిగా."

టీచరమ్మ రుమాలు సర్దుకుంది. ఆవిడకి మాట వెతుక్కోవాల్సి రావడం చాలా అరుదు.

"మొదట్లో నాకూ భయమేనండీ. ఇంతమంది చెబుతున్నారు, ఒకటి కాకపోతే ఒకటి పనిచేస్తుందేమో అనుకున్నాను. తర్వాత... రోజంతా మీ మొహం చూడలేకపోయేదాన్ని. అన్నం మెతుకులు లెక్కపెడుతూ కూర్చునేవారు. నేను ఆ బిళ్ళలు మింగినప్పుడు మాత్రం హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలేవారు. ఆ ఒక్క ఊపిరి కోసం మింగాను. డాక్టరు దగ్గర చెబితే మిమ్మల్ని తప్పు పడతారని చెప్పలేదు. నా మొగుణ్ణి తిడితే నేను తిట్టాలి గానీ, ఆవిడెవరు?"

ఆఖరి మాటకి ఆవిడే నవ్వబోయింది. మేస్త్రీ నవ్వలేదు. ఇన్నాళ్ళూ తను ఆవిడకి కాపలా కాస్తున్నాననుకున్నాడు. తీరా చూస్తే, ఒంట్లో అంత విషం లాంటి మందు పెట్టుకుని, ఆవిడే తనకి కాపలా కాసింది. తన భయానికి మందుగా ఆవిడ బిళ్ళలు మింగింది. లోపల ఎక్కడో పట్టు తప్పినట్టయింది ఆయనకి. లేచి, సింకు దగ్గరికి వెళ్ళి, అవసరం లేకపోయినా గ్లాసు కడిగాడు.

"రేపు వెళ్దాం" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "నేను చెబుతాను డాక్టరుకి."

*

మర్నాడు బేకరీ తెరిచేసరికి గుమ్మం ముందు మొదటి గిరాకీ మేస్త్రీయే. భుజానికి పనిముట్ల సంచి. కదిలితే గలగలమంటోంది. లోపల పానాలు లేవు, సీసాలున్నాయి.

కూతురు పొయ్యి ముందు నిలబడి పొడవాటి చెక్క గరిటెతో రొట్టెలు బయటికి లాగుతోంది. తండ్రిని చూసి కూడా చూడనట్టు, "ఏం కావాలండీ?" అంది.

"ఒక కూతురు కావాలి. నిన్న పారేసుకున్నాను."

"మా దగ్గర బన్నులున్నాయి. కూతుళ్ళు అయిపోయాయి."

"నిల్వ సరుకైనా ఫర్వాలేదమ్మా."

ఆ పిల్ల పెదవి బిగబట్టింది గానీ ఆగలేదు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చేశాయి. పిండి చేతుల్తోనే మొహం తుడుచుకుంది. మొహం మరీ అన్యాయంగా తయారైంది.

"నిన్న అన్నది తప్పే" అన్నాడు మేస్త్రీ. "నువ్వు బ్రేకు అన్నావు చూడు, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అందుకే నోరు పారేసుకున్నాను. మీ అమ్మ తయారవుతోంది. మాతో ఆసుపత్రికి రావా? ఒక్కణ్ణే చెప్పాలంటే కాళ్ళు వణుకుతున్నాయి."

కూతురు ఏప్రన్ విప్పి కొక్కానికి తగిలించి, లోపలున్న ఓనరమ్మకి కేకేసింది: "అక్కా, మా నాన్న పరీక్షకి వెళ్తున్నాడు. నేను తోడు వెళ్ళొస్తాను!"

*

డాక్టరమ్మ బల్ల మీద మేస్త్రీ సీసాలన్నీ పేర్చాడు. పేరుస్తున్నకొద్దీ ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. టీచరమ్మ కుర్చీలో ఇటూ అటూ కదిలింది.

"నిన్న అబద్ధం చెప్పింది నేనండీ" అంది.

"చెప్పించింది నేను" అన్నాడు మేస్త్రీ. "గుండె అన్నారు. నాకు భయమేసింది."

డాక్టరమ్మ ఒక్కొక్క సీసా తిప్పి చూసింది. ఆకుపచ్చదాని దగ్గర ఆగింది.

"గ్రీన్ టీ తాగడం వేరు, దాన్ని ఇంత చిక్కగా చేసి క్యాప్సూల్లో పెట్టి మింగడం వేరు. కొందరికి ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మీకూ అదే అయ్యుండచ్చు. ఆపితే తెలుస్తుంది."

"మిగతావి?" అంది కూతురు.

"కొన్నిటి మీద చిన్న చిన్న పరిశోధనలు జరిగాయి. కీమో అప్పుడు గుండెని కాపాడతాయని గట్టిగా చెప్పేంత రుజువు లేదు. కొన్నిటి వల్ల మందు పనితనమే తగ్గుతుందేమోనన్న అనుమానం కూడా ఉంది. పరీక్షలో లోపం తేలిన విటమిన్ అయితే నేనే రాస్తాను." ఆవిడ మేస్త్రీ వైపు తిరిగింది. "మీరు భయపడ్డందుకు ఏమీ అనను. దాచినందుకు మాత్రం అంటాను. నాకు తెలియనిదాన్ని నేనెలా సరిచెయ్యను?"

మేస్త్రీ బుద్ధిమంతుడిలా తలూపాడు.

"గుండెని మేం గాలికొదిలెయ్యలేదండీ. స్కాన్లు చూస్తున్నాం, మోతాదు చూస్తున్నాం. తేడా కనబడితే గుండెకి పనికొచ్చే అసలైన మందులున్నాయి, గుండె డాక్టరున్నారు."

"మరి నేనేం చెయ్యాలి?" అన్నాడాయన. ఆ గొంతు విని కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది.

"చాలా ఉంది. బీపీ చూస్తూ ఉండండి. ఆయాసం వచ్చినా, కాళ్ళు వాచినా, గుండె దడదడలాడినా వెంటనే మాకు ఫోన్ చెయ్యండి. ఆవిడకి తినబుద్ధయ్యేవి వండిపెట్టండి. ఓపికున్నంత మేరకు రోజూ నడిపించండి."

"నడకా?" టీచరమ్మ గతుక్కుమంది. "నేను పక్క వీధికి కూడా కారేసుకుని వెళ్ళే మనిషినండీ!"

"అందుకే ఆయనకి అప్పగిస్తున్నాను."

మేస్త్రీ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఉద్యోగం దొరికినవాడిలా ఉంది ఆయన వాలకం. "ఆ పని నాకొదిలెయ్యండి డాక్టరమ్మా" అన్నాడు.

టీచరమ్మ కూతురి చెవిలో, "బిళ్ళలే నయం" అని గొణిగింది.

*

బిళ్ళలు ఆపాక కాలేయం అలక మానింది. మందు మళ్ళీ మొదలైంది. నీరసంగా ఉన్న రోజుల్లో టీచరమ్మ నడక మంచం నుంచి గుమ్మం దాకానే. ఆ రోజుల్లో మేస్త్రీ గుమ్మంలో కుర్చీ వేసి ఎదురుచూసేవాడు. కాస్త బాగున్న రోజుల్లో వీధి చివరి దాకా, తర్వాత పార్కు దాకా. ఆవిడ దారి పొడుగునా కార్లని తిట్టేది. తిట్లు జోరుగా ఉంటే ఆరోగ్యం బాగున్నట్టని మేస్త్రీ గుర్తుపెట్టుకున్నాడు. ఆయన వంట మొదట్లో ఉప్పు లేకుండా, తర్వాత ఉప్పు తప్ప ఏమీ లేకుండా సాగి, చివరికి కూతురి పర్యవేక్షణలో దారిన పడింది.

ఆఖరి మందు కూడా అయ్యాక గుండె స్కాన్ రోజు వచ్చింది. గదిలోకి ఒకరిని రానిస్తామన్నారు. మేస్త్రీ వెళ్ళి మూలన నిలబడ్డాడు. టీచరమ్మ ఎడమ పక్కకి తిరిగి పడుకుంది. తెర మీద నలుపూ తెలుపుల్లో ఏదో తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, మళ్ళీ తెరుచుకుంటోంది. మధ్యలో స్కాన్ చేసే ఆయన ఏదో మీట నొక్కగానే ఆ చప్పుడు గదంతా వినబడింది. ఉఫ్... ఉఫ్... ఉఫ్... మేస్త్రీ ఊపిరి బిగబట్టి విన్నాడు. అందులో ఏది అరిగిందో, ఏది బాగుందో ఆయనకేమీ తెలియలేదు. తెలియకుండానే వింటూ నిలబడ్డాడు.

రిపోర్టు చూసి డాక్టరమ్మ, "ముందెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. గుండె భేషుగ్గా ఉంది. ఇకముందు కూడా అప్పుడప్పుడు చూస్తూ ఉందాం" అంది.

బయటికొచ్చాక మేస్త్రీ బస్సు స్టాపు వైపు తిరిగాడు. టీచరమ్మ తిరగలేదు.

"నడిచి వెళ్దాం. ఇంత దూరం వచ్చి భేషుగ్గా ఉన్న గుండెని బస్సులో కూర్చోబెడతారా?"

దారిలో ఎత్తు ఉంది. సగం ఎక్కేసరికి వెనక అడుగుల చప్పుడు లేదు. ఆవిడ తిరిగి చూస్తే మేస్త్రీ రోడ్డు పక్క బెంచీ మీద కూలబడి ఉన్నాడు.

"ఇండికేటర్ వెయ్యకుండా ఆగిపోతారేంటండీ? ఆయాసమా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. దగ్గరికి వచ్చి చూస్తే చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"అయ్యో, బాగుందని చెప్పాక ఏడుస్తారేంటి?"

"బాగా లేనప్పుడు ఏడిస్తే నువ్వు భయపడతావని ఆపుకున్నాను" అన్నాడు మేస్త్రీ. "ఇప్పుడు ఆగడం లేదు."

టీచరమ్మ ఆయన పక్కన కూర్చుని, తల మీది రుమాలు విప్పి ఆయన చేతిలో పెట్టింది. కొత్తగా మొలుస్తున్న జుట్టు ఎండలో దూదిలా మెరిసింది. దారిన పోయేవాళ్ళు చూస్తే చూశారు.

"కానివ్వండి. తొందరేం లేదు. నేను ఆగుతాను" అంది.

ఆయన కరువుతీరా ఏడ్చాడు. ఏడుపు సన్నగిల్లి, ముక్కు చీదడం దాకా వచ్చాక ఆవిడ లేచి చెయ్యి చాపింది.

"అయిందా? అద్దం చూసుకోండి, గేరెయ్యండి, పదండి. ఇంటి దగ్గర పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది."

మేస్త్రీ ఆ చెయ్యి పట్టుకుని లేచాడు. ఎత్తు ఎక్కేదాకా వదల్లేదు. ఎక్కాక కూడా వదల్లేదు.